అయ్యవారి దసరా మామూలు

ఆశ్వయుజం రాగానే కోస్తా ఊళ్ళలోని వీధిబళ్ళకు కొత్త కళ వచ్చేది. ఎక్కాలు, గుణింతాలు వెనక్కి వెళ్ళి, దసరా పాట వల్లె వేయడం ముందుకొచ్చేది. పెద్ద పిల్లలు వెదురు బద్దలు చీల్చుకుని విల్లంబులు కట్టుకునేవారు. చిన్నవాళ్ళకు ఇంట్లో తాతగారో మేనమామో కట్టి ఇవ్వాల్సిందే. బద్దకు ఎర్రవీ పచ్చవీ కాగితాలు అతికించి, పురికొస బిగించి కట్టేవారు. బాణం కొసన బుక్కాపొడి, పూలరేకులు కూరేవారు. గిలకలని పిల్లలు మురిసిపోయిన బాణాలివే. యుద్ధానికి పనికిరావు గానీ ఎదుటివాళ్ళ ఉత్తరీయం పాడుచేయడానికి బ్రహ్మాండంగా పనికొస్తాయి.

నవరాత్రుల్లో పెట్టె అడుగునున్న మంచి బట్టలు తొడుక్కుని, పిల్లలంతా అయ్యవారి వెంట ఊరేగింపుగా బయల్దేరేవారు. గుమ్మం ముందు నిలబడి, పెద్దవాడొకడు పాట ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకునేవారు. పాట అయ్యాక ఇంటాయన మీద బుక్కా చల్లి దీవించేవారు. అప్పుడు ఇల్లాలు పళ్ళెం నిండా వేయించిన శనగపప్పు, బెల్లం ముక్కలు తెచ్చి తలా గుప్పెడు పెట్టేది. ఇంటాయన అయ్యవారికి తాంబూలంలో డబ్బులు పెట్టి ఇచ్చేవాడు. దసరా పప్పుబెల్లాలంటే ఇదే. పిల్లలకు ఇది ఊరంతా తిరిగే సంబరం. అయ్యవారికి మాత్రం ఏడాది సంపాదనలో చెప్పుకోదగ్గ భాగం.

అదెంత ముఖ్యమో తెలియాలంటే కుంఫిణీ దొరల కాగితాలు చూడాలి. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో తన రాజధాని కిందున్న బళ్ళ వివరాలు పంపమని జిల్లా కలెక్టర్లకు ఉత్తరువు ఇచ్చాడు. వచ్చిన లెక్కలన్నీ కూడి 1826 మార్చి 10న ఒక నివేదిక రాశాడు. మద్రాసు రాజధాని మొత్తంలో 12,498 బళ్ళు, 1,88,650 మంది విద్యార్థులు అని తేలింది. పిల్లవాడి జీతం నెలకు నాలుగణాల నుంచి ఆరు, ఎనిమిది అణాల దాకా ఉండేది. బడి నడిపే పంతులుకు అన్నీ కలిపి నెలకు ఆరేడు రూపాయలకు మించి రావడం లేదనీ, ఆ పాటి రాబడికి చదువుకున్నవాళ్ళు ఈ వృత్తిలోకి రారనీ మన్రోయే రాశాడు. సర్కారు జీతం లేదు, మాన్యాలున్న అదృష్టవంతులు కొద్దిమందే. తక్కిన అయ్యవార్లకు పిల్లల తల్లిదండ్రులే దిక్కు.

ఆ కలెక్టర్లలో బళ్ళారి నుంచి ఎ.డి. క్యాంబెల్ 1823 ఆగస్టులో పంపిన జవాబు తీరే వేరు. అనంతపురం ప్రాంతం కూడా అప్పట్లో ఆ జిల్లా కిందే ఉండేది. జిల్లాలో 533 బళ్ళుంటే అందులో 226 తెలుగువి, 235 కన్నడం. చదివేది 6,641 మంది. అంకెలతో ఆగకుండా క్యాంబెల్ బడి లోపలికి తొంగి చూశాడు. పొద్దున ఆరింటికే బడి. అందరికంటే ముందొచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడి చేతిలో సున్నా, అంటే మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చేవాళ్ళకు ఒక్కొక్కటీ పెరుగుతూ పోతాయి. తెలుగు ఇళ్ళలో పెద్దవాళ్ళు శ్రీ, చుక్క అని తలుచుకున్న పద్ధతి ఇదే. చదవని వాడికి గుంజీళ్ళు, అంతకంటే మొండివాడిని చేతులు కట్టి దూలానికి వేలాడదీసే కోదండం. ఇవీ ఆ నివేదికలో ఉన్నాయి.

అలా కొట్టే అయ్యవారే దసరాకు అదే పిల్లల వెనకాల నిలబడి, వాళ్ళ పాట మీద ఆధారపడేవారు. చిన్న పిల్లలకు ఆ నవరాత్రులు ఎందుకంత ఇష్టమో దీన్నిబట్టే ఊహించవచ్చు.

పాట సంగతికొస్తే, అదొక గడుసు బేరం. ఇంటాయన దయ తలచడం లేదని నిష్ఠూరంతో మొదలై, చిన్న నాణేలను ఒక్కొక్కటే తోసిపుచ్చుతూ రూపాయి దాకా ఎక్కుతుంది. పిల్లలకు పప్పుబెల్లాలు చాలంటూనే అయ్యవారికి మాత్రం ఐదు వరహాలు అడుగుతుంది. ఈ లెక్క సరదాగా కట్టి చూడాల్సిందే. మద్రాసు ప్రభుత్వం 1818లో వెండి రూపాయిని ప్రధాన నాణెంగా చేసినప్పుడు వరహాకు మూడున్నర రూపాయల చొప్పున మారకం కట్టింది. అంటే ఐదు వరహాలు పదిహేడున్నర రూపాయలు. మన్రో చెప్పిన పంతులు సంపాదనతో పోలిస్తే రెండున్నర నెలల రాబడి, అదీ ఒక్క గుమ్మంలో! ఇచ్చేవాడు లేడని అడిగేవాళ్ళకూ తెలుసు. అంత ఎత్తున అడిగితేనే అర్ధరూపాయి రాలుతుందన్న లోకజ్ఞానం ఆ పాటలో ఉంది. వరహా చలామణీలోంచి పోయినా పాటలోంచి పోలేదు.

బడి జీతం కట్టలేని ఇళ్ళు అప్పటికే పెరుగుతున్నాయని కూడా క్యాంబెల్ రాశాడు. విలాయతీ బట్ట వచ్చి నేతపనివాళ్ళ రాబడి పడిపోయింది. తిండికే కటకటగా ఉన్నవాళ్ళు పిల్లల్ని బడి మాన్పించి చిన్నాచితకా పనులకు పంపుతున్నారు. దేశం పేదదవుతోందని ఒక కుంఫిణీ అధికారే ఒప్పుకోవడం విశేషం. నెలనెలా ఇవ్వలేని సంసారి పండగనాడైనా చేతనైనంత ఇచ్చుకోవడానికి దసరా మామూలు వీలు కల్పించిందనుకోవచ్చు.

ఆ ఊరేగింపులో ఆడపిల్లలు దాదాపు కనిపించేవారు కారు. క్యాంబెల్ లెక్కలో బళ్ళారి జిల్లా మొత్తం మీద బడికి వెళ్ళే ఆడపిల్లలు 60 మందే. తెలంగాణలో మాత్రం ఇదే రుతువులో వాళ్ళదే రాజ్యం. బతుకమ్మకు ముందు తొమ్మిది రోజులూ పెళ్ళికాని పిల్లలు పుట్టమన్నుతో మెట్లుమెట్లుగా బొడ్డెమ్మను చేసి, పూలు పెట్టి, చుట్టూ తిరుగుతూ ఆడతారు. ఇక దసరానాడు ఇంటిల్లిపాదీ ఊరి పొలిమేరకు పోయి పాలపిట్టను చూసి రావడం అక్కడి రివాజు. తిరిగొచ్చాక పిల్లలు జమ్మి ఆకులు పట్టుకుని బంగారమంటూ పెద్దల చేతిలో పెట్టి కాళ్ళు మొక్కుతారు. చిల్లర చేతిలో పడేది అక్కడా తప్పదు. కాకపోతే అయ్యవారికి వాటా లేదు.

కోస్తాలో అయ్యవారి వాటాను కరిగించింది సర్కారు బడి. మద్రాసు ప్రాథమిక విద్యా చట్టం 1920లో వచ్చాక పల్లెల్లో బళ్ళ బాధ్యత క్రమంగా స్థానిక సంస్థల చేతికి పోయింది. పంతులు నెలజీతగాడయ్యాడు. జీతం తీసుకునే మాస్టారు పిల్లల్ని వెంటేసుకుని ఇంటింటా డబ్బులు తీసుకోవడం చూసేవాళ్ళకు అడుక్కోవడంలా అనిపించసాగింది. ఆ మాట అన్నవాళ్ళను తప్పుపట్టలేం గానీ, తరాల తరబడి పంతుళ్ళను నిలబెట్టిన ఏర్పాటుకు అది కాస్త కఠినమైన పేరే. కృష్ణా, గోదావరి జిల్లాల్లో పాట మాత్రం దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక కూడా చాలా కాలం వినిపించింది.

ఇప్పుడూ కొన్ని బళ్ళు దసరా సెలవుల ముందు ఒక పూట పిల్లలకు విల్లంబులు ఇచ్చి చుట్టుపక్కల వీధుల్లో తిప్పుతాయి. వాళ్ళకు పంచె కట్టి, కండువా వేసి, నుదుట బొట్టు పెట్టి ఫొటోలు తీసుకోవడానికి తల్లిదండ్రులు ముందే వచ్చి నిలబడతారు. బుక్కా బదులు పూలరేకులే చల్లుతారు, బట్టలు పాడవకుండా. ఇప్పుడు ఆడపిల్లలూ వరసలో ఉంటారు. చాలా గుమ్మాల్లో పప్పుబెల్లాలకు బదులు చాక్లెట్లు పంచుతున్నారు. పిల్లల వైపు నుంచి దీనిమీద ఎలాంటి ఫిర్యాదూ రాలేదు.