సూక్ష్మసేద్యం రాయితీ (రంగారెడ్డి జిల్లా)

భూగర్భజలాన్ని పొదుపు చేసేందుకు రైతు బిగించుకునే డ్రిప్పు, తుంపర పరికరాల ఖరీదులో ప్రభుత్వం భరించే వాటాను సూక్ష్మసేద్యం రాయితీ అంటారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 నవంబరులో మొదలైన పథకాన్ని తెలంగాణలో ఉద్యాన శాఖ కొనసాగించింది. కొత్త రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ రైతులకు 100 శాతం, బీసీలకూ సన్న, చిన్నకారు రైతులకూ 90 శాతం, మిగతావారికి 80 శాతంగా రాయితీ నిర్ణయించారు.

జిల్లాలోని జల్‌పల్లి, ఇబ్రహీంపట్నం వైపు నేలకింద గట్టి రాయి. చెరువులు నిండని ఏడాది బోర్లే దిక్కు. అక్కడ కూరగాయలు, పూలు, పండ్లతోటలు నిలవడానికి డ్రిప్పు ఎంతో అవసరం. సన్నని గొట్టానికున్న డ్రిప్పర్లు గంటకు 2 నుంచి 4 లీటర్ల చొప్పున నీటిని మొక్క మొదట్లోనే వదులుతాయి. బోరు నీటిలోని లవణాలు పేరుకుంటే ఇవి మూసుకుపోతాయి. అప్పుడప్పుడు ఆమ్లంతో కడగక తప్పదు.

అమెరికాలో 1985 నుంచి నడుస్తున్న భూసంరక్షణ పథకం సాగు ఆపిన నేలకు ఏటా అద్దె చెల్లిస్తుంది. అలా కాకుండా, ఇక్కడి రాయితీ సాగుకే ఊతం. పొదుపైన నీటితో రైతు మరో ఎకరం తడిపితే, బోరు నుంచి తోడే నీరు తగ్గదు. వ్యవసాయానికి కరెంటు ఉచితం కావడంతో మోటారు ఆపాలన్న ఒత్తిడీ ఉండదు. ఇది పథకంలోని అసలు లోపం. పట్టాదారు పాసుపుస్తకం అడగడం వల్ల కౌలు రైతుకు రాయితీ అందడం కష్టం.