జైలు గోడ దాటని ఓటు

2023 నవంబరు 30. శాసనసభ ఎన్నికల రోజు. మా ఊళ్ళో పొద్దున్నే నా ఓటు వేసేసి, అమ్మ చేత వేయించడానికి ముప్కాల్ వెళ్ళాను. బడి వరండాలో ఆడవాళ్ళ వరస. మా ముందు బీడీలు చుట్టే ఒకామె నిలబడింది. గుమ్మం దగ్గర చీటీలు చూస్తున్నాయన్ని అడిగింది:

"సారూ, మా ఇంటాయన జైల్ల ఉన్నడు. గాయన ఓటు నేనెయ్యాల్నా?"

"ఎవరి ఓటు వాళ్ళే వెయ్యాలమ్మా!"

"అయితె ఇయ్యాల ఒక్క దినం తోల్కరాన్రి మరి!"

వరసంతా గొల్లుమంది. ఆమె మాత్రం నవ్వలేదు. తర్వాత అమ్మ మాటల్లో పెట్టి అడిగితే తెలిసింది. ఏదో కొట్లాట కేసట. విచారణే మొదలు కాలేదు. కోర్టు జమానతు ఇచ్చింది గానీ, పూచీ నిలబడేవాళ్ళు దొరకలేదట.

ఇంటికొచ్చి చట్టం తిరగేశాను. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం, 62వ సెక్షన్. జైల్లో ఉన్నవాళ్ళెవరూ ఓటు వేయకూడదు. శిక్ష పడ్డవాళ్ళే కాదు, పడనివాళ్ళూ అంతే. ముందుజాగ్రత్త నిర్బంధంలో ఉన్నవారికి మాత్రం మినహాయింపు ఉంది. శిక్ష పడ్డవాడైనా అప్పీలు చేసుకుని బెయిలు మీద బయట తిరుగుతుంటే దర్జాగా ఓటు వేయొచ్చు. అంటే అడ్డం వచ్చేది నేరం కాదన్నమాట, జైలు గోడ!

ఈ ఆలోచన మనకు పుట్టింది కాదు. 1870లోనే బ్రిటిష్ వాళ్ళు, పెద్ద నేరాలు చేసినవారికి శిక్ష ముగిసేదాకా ఓటు లేదని చట్టం చేశారు. అక్కడ శిక్ష పడ్డాకే ఓటు పోయేది. మనం విచారణ కోసం ఎదురుచూసేవాణ్ణి కూడా ఆ గాటనే కట్టేశాం.

మన నిజామాబాద్ ఖిల్లా జైలు సంగతి తలుచుకుంటే మరీ చిత్రంగా ఉంటుంది. నిజాం పాలన మీద తిరగబడినందుకు దాశరథి కృష్ణమాచార్య, వట్టికోట ఆళ్వారుస్వామి అందులో ఖైదీలుగా ఉన్నారు. దాశరథి బొగ్గుతో గోడల మీదే పద్యాలు రాశారు. 1952లో హైదరాబాద్ రాష్ట్రంలో ఇరవై ఒక్కేళ్ళు నిండిన ప్రతివాళ్ళకూ ఓటు వచ్చింది. అలాంటివాళ్ళు జైళ్ళలో మగ్గితే వచ్చిన ఓటు, తిరిగి జైలు గుమ్మం దగ్గరే ఆగిపోయింది!

అనుకూల్ చంద్ర ప్రధాన్ అనే న్యాయవాది దీన్ని సుప్రీంకోర్టులో సవాలు చేశారు. 1997లో కోర్టు కొట్టేసింది. ఖైదీలందరి చేత ఓట్లు వేయించడానికి పోలీసు బందోబస్తు ఎక్కడ సరిపోతుంది? తన నడవడి వల్ల జైలుకెళ్ళినవాడు బయటివాళ్ళతో సమానంగా స్వేచ్ఛ కావాలంటే ఎలా? అదీ వాదన. అందులో కొంత నిజం ఉంది, కాదనను. కానీ 2022 చివర దేశంలోని ఖైదీల్లో నూటికి డెబ్బయి అయిదుగురు ఇంకా తీర్పు రానివాళ్ళే. వాళ్ళ నడవడి సంగతి ఎవరు తేల్చారు?

ఇంకో విడ్డూరం చూడండి. 1977లో జార్జి ఫెర్నాండెజ్ జైల్లో ఉండే ముజఫర్‌పూర్ నుంచి పార్లమెంటుకు గెలిచారు. జైల్లోంచి నిలబడొచ్చు, గెలవొచ్చు. ఓటు మాత్రం వేయకూడదు!

దక్షిణాఫ్రికాలో 1999లో రాజ్యాంగ న్యాయస్థానం ఖైదీలకు ఓటు ఏర్పాట్లు చేయమంది. అమెరికాలోని ఫ్లోరిడాలో విడుదలయ్యాక కూడా జీవితాంతం ఓటు లేకుండా ఉండేది. 2018లో జనమే ఓటు వేసి చాలామందికి దాన్ని తిరిగి ఇచ్చారు. మరుసటేడే అక్కడి ప్రభుత్వం, కోర్టు జరిమానాలూ రుసుములూ కట్టాకే ఓటు అంది. ఆ విషయంలో మనమే నయం. జైలు నుంచి బయటికి రాగానే మనవాడి ఓటు మనవాడిదే. కానీ బయటికి రావడానికే పూచీ కావాలాయె! అక్కడైనా ఇక్కడైనా గుమ్మంలో కూర్చున్నది డబ్బే.

ఆ బీడీలామె సిరా వేలితో ఇంటికి వెళ్ళిపోయింది. ఆమె భర్త పేరు జాబితాలో అలాగే ఉంది. సాయంత్రం లెక్క చూసుకునేవాళ్ళకు అతను "రానివాడు." బద్ధకించి ఇంట్లో పడుకున్నవాడూ రానివాడే. రాలేనివాడి కోసం ఆ జాబితాలో వేరే గడి లేదు.