సానరాయి నుంచి చేతి గ్రైండర్ దాకా

ఇంగ్లండులోని షెఫీల్డ్ పట్టణం కత్తులకు, కత్తెరలకు పేరు మోసింది. డాన్, షీఫ్, రివెలిన్ ఏళ్ల నీటి ఒరవడితో తిరిగే పెద్ద పెద్ద ఇసుకరాతి సానల మీద అక్కడ పదును పెట్టేవారు. పనివాడు రాయి వెనకాల కొయ్య పీట మీద గుర్రమెక్కినట్టు కూర్చుని, ముందుకు వంగి, ఇనుమును రాతికి అదిమి పట్టేవాడు. రాయి పగిలిందంటే ముక్కలు అతని ఒంటి మీదికే వచ్చేవి.

అంతకన్నా నెమ్మదిగా ప్రాణం తీసింది దుమ్ము. షెఫీల్డ్ వైద్యుడు ఆర్నాల్డ్ నైట్ 19వ శతాబ్దం మొదట్లోనే సానపనివాళ్ల ఉబ్బసాన్ని గుర్తించి రాశాడు. ఈ పనివాళ్ల గురించిన లెక్కను జర్మన్ రచయిత ఫ్రీడ్రిక్ ఎంగెల్స్ 1845లో ఇంగ్లండు కార్మికుల మీద రాసిన పుస్తకంలో ఎత్తి చూపాడు: పొడిరాతి మీద పనిచేసేవాళ్ల ఆయుష్షు సగటున 35 ఏళ్లు, తడిరాతి పనివాళ్లు 45 దాటడం అరుదు. ఇద్దరిదీ సానపనే, ముఖ్యమైన తేడా నీళ్లు. జె. హెచ్. ఏబ్రహాం అనే షెఫీల్డ్ వాసి 1820ల తొలినాళ్లలో రజను పట్టడానికి అయస్కాంతాల పరికరం తయారుచేశాడు. అది ఇనపరజనునైతే లాగింది గానీ, ఊపిరితిత్తుల్ని రాయిలా గట్టిపరిచే సిలికా దుమ్ము అయస్కాంతానికి అంటదు. దుమ్మును గొట్టంలోంచి బయటికి లాగే పంకాలు వచ్చాక కూడా కొందరు పనివాళ్లు వద్దన్నారు. బతికేవాళ్లు పెరిగితే పనికి పోటీ పెరిగి కూలి పడిపోతుందని వాళ్ల భయం. అది మూర్ఖత్వమని కొట్టిపారేయడం అన్యాయం. ఆ కూలితో బతికినవాళ్లకు అది నిజమైన భయమే.

సహజమైన రాయి స్థానంలోకి కృత్రిమ చక్రం రావడంతో కథ మారింది. ఎడ్వర్డ్ గుడ్‌రిచ్ ఏచెసన్ 1891లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో విద్యుత్ కొలిమిలో సిలికాన్ కార్బైడ్‌ను తయారుచేసి కార్బోరండమ్ అని పేరు పెట్టాడు. దాంతో చక్రంలోంచి పుట్టే సిలికా దుమ్ము బాగా తగ్గింది. వేగం మాత్రం పెరిగింది. చక్రం అంచు వేగం రెట్టింపయితే దాన్ని చీల్చే బలం నాలుగు రెట్లవుతుంది. అందుకే బల్ల గ్రైండర్‌కు దళసరి ఉక్కు తొడుగు, పనిని ఆనించే మెట్టు, కళ్లకు అద్దాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. చక్రం బిగించే ముందు వేలికి తగిలించి కొయ్యపిడితో మెల్లగా తట్టి చూడటమూ ఆనవాయితీ అయింది. ఖంగుమంటే మంచిది, బొంగురుగా పలికితే లోపల బీట ఉన్నట్టు.

బల్లకు బిగించిన ఈ కాపుదల అంతా చక్రం చేతిలోకి వచ్చేసరికి సడలింది. జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో 1922లో మొదలైన ఆకర్‌మాన్-ష్మిట్ సంస్థ ముందు ఎటైనా వంగే కడ్డీతో నడిచే చేతి గ్రైండర్లు చేసింది. 1954లో అదే సంస్థ అతివేగంగా తిరిగే యాంగిల్ గ్రైండర్‌ను తెచ్చింది. కదలని చక్రం దగ్గరికి ఇనుమును తీసుకువెళ్లే రోజులు పోయి, చక్రాన్నే ఇనుము దగ్గరికి తీసుకుపోవచ్చు. వంతెన మీదైనా, నిచ్చెన మీదైనా పని సాగుతుంది. కానీ మెట్టు లేదు, పెద్ద తొడుగు లేదు. మిగిలింది సగం చక్రాన్ని కప్పే గార్డు, రెండో చేతికి పక్క హ్యాండిల్. కోతలో బిళ్ళ ఇరుక్కుంటే యంత్రం ఒక్కసారిగా ఎగదన్నుతుంది. ఒంటిచేత్తో పట్టుకున్నవాడికి దాన్ని ఆపే వీలుండదు.

చేతి గ్రైండర్‌కు వాడే కోత బిళ్ళ రెసిన్‌తో అతికించినది. లోపల గాజునార వల ఉంటుంది, పగిలినా ముక్కలు చెదరకుండా. సాధారణంగా దాని అంచు వేగానికి హద్దు సెకనుకు 80 మీటర్లు, అంటే గంటకు 288 కిలోమీటర్లు. ఆ హద్దులోనే 5 అంగుళాల బిళ్ళకు నిమిషానికి 12,200 చుట్లు, 7 అంగుళాలదానికి 8,500, 9 అంగుళాలదానికి 6,600 అని ముద్రిస్తారు. పెద్ద యంత్రంలోంచి తీసిన 7 అంగుళాల బిళ్ళను గార్డు ఊడదీసి 11,000 చుట్లు తిరిగే చిన్న యంత్రానికి బిగిస్తే అంచు వేగం 100 మీటర్లు దాటుతుంది. రంధ్రం సరిపోయింది కదా అని ఈ పని చేస్తారు. బిళ్ళ మధ్యలోని రేకు రింగు మీద గడువు ముగిసే నెల, ఏడాది కూడా ఉంటాయి. రెసిన్ తేమకు, కాలానికి బలహీనపడుతుంది కాబట్టి తయారైన మూడేళ్ల తర్వాత వాడకూడదు.

భారతదేశంలో 1948 ఫ్యాక్టరీల చట్టం 30వ సెక్షన్ సానయంత్రం దగ్గర సురక్షితమైన గరిష్ఠ వేగాన్ని రాసి పెట్టాలంది; 35వ సెక్షన్ కళ్ల రక్షణ గురించి చెప్పింది. అయితే ఆ చట్టం యంత్రశక్తి వాడే చోట పదిమందికి తగ్గకుండా పనిచేసే ఫ్యాక్టరీలకు వర్తించేలా రాసింది. ఇద్దరు ముగ్గురు పనివాళ్లతో కిటికీ గ్రిల్స్ చేసే వెల్డింగ్ షాపు దాని కిందికి రాలేదు. ఇళ్ల దగ్గర గ్రానైట్ పలకలు కోసేవాళ్లూ అంతే. కరీంనగర్ గ్రానైట్‌ను వజ్రపు బిళ్ళతో పొడిగా కోసినప్పుడు లేచే తెల్లటి పొగలో సిలికా ఉంటుంది. ముఖానికి చుట్టుకున్న తువ్వాలు దాన్ని ఆపలేదు. అందుకు తగిన యంత్రంతో నీళ్లు పారిస్తూ కోయడం, లేదా దుమ్ము లాగే తొడుగు బిగించడమే దారి.

ఇటీవలి యంత్రాల్లో మరికొన్ని మార్పులు వచ్చాయి. పట్టు వదలగానే ఆగే మీట, కరెంటు పోయి వచ్చినప్పుడు దానంతటదే తిరగకుండా చూసే ఏర్పాటు, బిళ్ళ ఇరుక్కోగానే మోటారును ఆపే సర్క్యూట్ వాటిలో ఉన్నాయి. స్విచ్ తీశాక పాత గ్రైండర్ బిళ్ళ చాలాసేపు తిరుగుతూనే ఉంటుంది. బ్రేకు ఉన్నది కొద్ది సెకన్లలో నిలిచిపోతుంది.