ఆడే పిల్లలకు ఏ రెసిడెన్షియల్ స్కూలు? పది తర్వాత రెండేళ్ల లెక్క

పదో తరగతి పరీక్షలు ముగిసిన వేసవిలో, ఆటల్లో జిల్లా స్థాయి దాటిన పిల్లల ఇళ్లలో ఒక చర్చ మొదలవుతుంది. ఇక ఆటలు చాలు, చదువు మీద పెట్టు అని ఒకరంటారు. మంచి హాస్టల్ స్కూల్లో వేస్తే రెండూ సాగుతాయి అని ఇంకొకరు. దళిత కుటుంబాల్లో ఈ చర్చకు బరువెక్కువ. అక్కడ ఆట పోలీసు, రైల్వే, ఆర్మీ ఉద్యోగానికి ఒక దారి. డిగ్రీ సీటుకు ఒక ఆసరా. కొందరు పిల్లలకైతే ఊళ్లో తలెత్తుకుని నడిచే ఒకే ఒక్క చోటు గ్రౌండ్.

ఆ చర్చలో కూర్చునే వాళ్ల కోసం ఈ వ్యాసం రాస్తున్నాం: తల్లిదండ్రులు, ఊళ్లో ఫారాలు నింపిపెట్టే సంఘాల కార్యకర్తలు, ఇప్పటికే హాస్టళ్లలో ఉన్న సీనియర్ విద్యార్థులు. మా అభిప్రాయం ముందే చెప్తాం. గ్రౌండ్ ఫొటోలు, రిజల్ట్ ఫ్లెక్సీలు చూసేముందు, మామూలు రోజున సాయంత్రం నాలుగు నుంచి ఆరున్నర దాకా ఆ స్కూల్లో పదకొండో తరగతి పిల్లలు ఎక్కడుంటారో కనుక్కోవాలి. మిగతా ప్రశ్నలన్నీ దాని తర్వాతే.

అప్పటికే మూసుకున్న తలుపులు

స్పోర్ట్స్ స్కూలు అనగానే మనవాళ్లకు హకీంపేట గుర్తొస్తుంది. 1993లో మొదలైన ఆ స్కూల్లోనూ, కడపలోని క్రీడా పాఠశాలలోనూ ప్రవేశం ప్రధానంగా నాలుగో తరగతిలోనే. ఆర్మీ నడిపే బాయ్స్ స్పోర్ట్స్ కంపెనీలు 8 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని తీసుకుంటాయి. పదిహేనేళ్లకు పరుగు బయటపడిన అమ్మాయికి, పదహారేళ్లకు ఒక్కసారిగా ఎత్తు పెరిగి వాలీబాల్‌లో మెరిసిన అబ్బాయికి ఇవన్నీ అప్పటికే దాటిపోయిన బస్సులు. పీఈటీ లేని ఊరి బడిలో ప్రతిభ ఆలస్యంగానే కనిపిస్తుంది. ఆ ఆలస్యానికి శిక్ష మాత్రం పిల్లలకు పడుతుంది.

స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా శిక్షణ కేంద్రాలు 12 నుంచి 18 ఏళ్ల వాళ్లను సెలక్షన్ ట్రయల్స్ పెట్టి తీసుకుంటాయి. వసతి, తిండి, కిట్, కోచింగ్ ఉచితం. చదువు దగ్గర్లోని స్కూల్లో. మీ పిల్లల ఆటకు అలాంటి కేంద్రం ఉండి, ట్రయల్స్ నెగ్గే సత్తా ఉంటే మొదట దాన్నే చూడండి. అది కుదరనివాళ్లకు మిగిలేవి రెండు: సాంఘిక సంక్షేమ గురుకులం, ప్రైవేటు రెసిడెన్షియల్ స్కూలు. రెండోది డబ్బున్నవాళ్లదే కదా అనుకునేవాళ్లు శ్రేష్ఠ గురించి తెలుసుకోవాలి.

శ్రేష్ఠ ఏం ఇస్తుంది, ఏం చూడదు

కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత శాఖ శ్రేష్ఠ అనే పథకం నడుపుతోంది. ఎస్సీ విద్యార్థుల్ని 9, 11 తరగతుల్లో సీబీఎస్ఈ ప్రైవేటు రెసిడెన్షియల్ స్కూళ్లలో చేర్చి, పన్నెండు పూర్తయ్యేదాకా ఫీజు ప్రభుత్వమే కడుతుంది. ఏటా దాదాపు 3000 సీట్లు. తల్లిదండ్రుల వార్షికాదాయం రెండున్నర లక్షలు దాటకూడదు. నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ పెట్టే ప్రవేశ పరీక్షలో వచ్చిన ర్యాంకును బట్టి, ఆన్‌లైన్ కౌన్సెలింగ్‌లో విద్యార్థి పెట్టుకున్న ఆప్షన్లను బట్టి స్కూలు వస్తుంది. పథకం నిర్ణయించిన ఫీజు పదకొండో తరగతికి లక్షా 25 వేలు, పన్నెండుకు లక్షా 35 వేలు. స్కూలు ఫీజు, హాస్టల్ ఖర్చు రెండూ అందులోనే. కొత్త వాతావరణంలో వెనకబడే పిల్లలకు బ్రిడ్జి కోర్సు నడపడానికి ఫీజులో పది శాతం అదనంగా ఇస్తారు.

ఆ పరీక్ష ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది. తెలుగు మీడియంలో పది చదివిన పిల్లకు మొదటి గోడ అక్కడే. బ్రిడ్జి కోర్సు సీటు వచ్చాకే కాబట్టి ఈ గోడ ఎక్కడానికి అది పనికిరాదు. గ్రామాల్లో పనిచేసే విద్యార్థి సంఘాలు డిసెంబరు నుంచే పాత ప్రశ్నపత్రాలతో కూర్చోబెట్టగలిగితే తేడా వస్తుంది.

ఇక స్కూళ్లను ఈ పథకం ఎలా ఎంచుకుంటుందో చూడండి. కనీసం ఐదేళ్లుగా నడుస్తుండాలి. గత మూడేళ్లలో పది, పన్నెండు బోర్డు పరీక్షల్లో ఉత్తీర్ణత 75 శాతం మించాలి. అదనంగా ఎస్సీ విద్యార్థుల్ని చేర్చుకోవడానికి సదుపాయాలుండాలి. అంతే. కోచ్ ఉన్నాడా, ఏ ఆటకు ఉన్నాడు, పోటీలకు పంపుతారా అన్నవి ఈ కొలతల్లో లేవు. చదువులో ముందుకు తేవడానికి పెట్టిన పథకం కాబట్టి దాన్ని తప్పుపట్టడం లేదు. కానీ జాబితాలో పేరుంది కాబట్టి ఆటలకూ మంచిదే అనుకుంటే పొరపాటు. ఆ పరిశీలన మనమే చేసుకోవాలి.

టైంటేబుల్ చేతికి తీసుకోండి

హైదరాబాద్ చుట్టుపక్కల రెసిడెన్షియల్ కాలేజీల్లో చదివిన పిల్లలతో మాట్లాడినప్పుడు మాకు పదేపదే వినిపించిన మాట, గ్రౌండ్ ఉంది కానీ టైం లేదు అని. ఆరెకరాల మైదానం ఉంటుంది. పదో తరగతి వరకు పిల్లలు ఆడతారు. పదకొండులో అడుగుపెట్టగానే ఆ గంట స్టడీ అవర్ అయిపోతుంది. జేఈఈ, నీట్ ఫౌండేషన్ బ్యాచ్ ఉన్న చోట ఇది మరీ ఎక్కువ. అందుకే బ్రోచర్ పక్కనబెట్టి, పదకొండో తరగతి టైంటేబుల్ కాగితం అడగండి. ఇవ్వడానికి వెనకాడితే అదే మీకు జవాబు.

కాగితం దొరికితే నిద్ర లెక్క వేయండి. ఈ వయసు పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్య నిపుణులు చెప్తారు. రాత్రి పదిన్నర దాకా స్టడీ, పొద్దున ఐదింటికి ప్రాక్టీసు అంటే ఆరున్నర గంటలకు మించదు. అలా రెండేళ్లు నడిస్తే గాయాలే మిగులుతాయి.

హాజరు సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. సీబీఎస్ఈలో 75 శాతం హాజరు తప్పనిసరి అయినా, జాతీయ, అంతర్జాతీయ పోటీలకు వెళ్లినవాళ్లకు మినహాయింపు అడిగే వీలుంది. పన్నెండో తరగతి బోర్డు పరీక్ష రోజునే గుర్తింపు పొందిన జాతీయ స్థాయి పోటీ పడితే ప్రత్యేక పరీక్ష రాయించే ఏర్పాటూ ఉంది. అయితే దరఖాస్తు స్కూలు ద్వారానే వెళ్లాలి. గతంలో ఎప్పుడైనా ఏ విద్యార్థి కోసమైనా పంపారా అని ప్రిన్సిపాల్‌ను అడగండి. ఆ నిబంధన ఉందన్న సంగతే ఎరగని స్కూలైతే, అవసరం పడ్డ రోజున మీరే ఢిల్లీకి ఫోన్లు చేసుకోవాలి. ఫిజికల్ ఎడ్యుకేషన్‌ను ఒక సబ్జెక్టుగా పెట్టారా అన్నదీ కనుక్కోండి. సీబీఎస్ఈలో దానికి 70 మార్కుల థియరీ, 30 మార్కుల ప్రాక్టికల్. ఆడే పిల్లకు అది శ్వాస తీసుకునే చోటు.

మెస్ లెక్క

తిండి దగ్గర మొహమాటపడొద్దు. తెలంగాణ ప్రభుత్వం 2024 చివర్లో సంక్షేమ హాస్టళ్ల డైట్ చార్జీలు పెంచాక, ఇంటర్ ఆపై విద్యార్థులకు నెలకు 2100 రూపాయలు. అంటే రోజుకు 70. అంతకుముందు 1500, రోజుకు 50. పెంచినందుకు సంతోషమే. కానీ ఉదయం టిఫిన్, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం స్నాక్, రాత్రి భోజనం అన్నీ ఆ 70లోనే తేలాలి.

గట్టిగా శిక్షణ తీసుకునే వాళ్లకు శరీర బరువులో కిలోకు రోజుకు 1.2 నుంచి 2 గ్రాముల ప్రొటీన్ కావాలి. 50 కిలోల రన్నర్‌కు అది కనీసం 60 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది సుమారు 6. పలచటి పప్పు, సాంబారుతో ఆ లెక్క పూడదు. ఆటగాళ్లకు అదనంగా గుడ్లు, పాలు, పల్లీలు ఇస్తారా, ఆలస్యంగా ప్రాక్టీసు ముగిస్తే అన్నం దాచిపెడతారా అని వంటవాళ్లనే అడగండి, వార్డెన్ కంటే వాళ్లకే బాగా తెలుసు. ప్రైవేటు స్కూళ్లలో ఇంకో సంగతి ఉంది. కొన్ని పూర్తిగా శాకాహార మెస్సులు నడుపుతాయి. గుడ్డు కూడా ఉండదు. మన పిల్లలు ఇంట్లో తిని పెరిగిన తిండికి అక్కడ చోటుండదు సరికదా, దాన్ని తక్కువగా చూసే మాటలు కూడా భోజనాల బల్ల దగ్గరే మొదలవుతాయి. అమ్మాయిల విషయంలో తిండి చాలక, శ్రమ ఎక్కువై నెలసరి ఆగిపోతే, అది పట్టించుకోవాల్సిన ఆరోగ్య సమస్య. ఎముకలు బలహీనపడతాయి. ఈ మాట చెప్పుకోగలిగిన మహిళా కోచ్ గానీ నర్సు గానీ క్యాంపస్‌లో ఉండాలి.

కోచ్, ప్రయాణం, కాగితం

పీఈటీ వేరు, కోచ్ వేరు. క్రమశిక్షణ, డ్రిల్, స్పోర్ట్స్ డే చూసే పీఈటీ మంచివాడే కావచ్చు, హర్డిల్స్ నేర్పలేడు. మీ పిల్లల ఆటకు కోచ్ క్యాంపస్‌లో లేకపోతే, బయట కోచ్ దగ్గరికి వారానికి ఎన్నిసార్లు పంపుతారు, తోడెవరు వస్తారు, ఆటో ఖర్చెవరిది అన్నది కాగితం మీద రాయించుకోండి. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్ కాంస్యం గెలిచిన అగసర నందిని నార్సింగి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివింది. ఆమెకు శిక్షణ ఇచ్చిన కోచ్ నాగపురి రమేశ్ అప్పుడు పనిచేసిందీ హైదరాబాద్‌లోనే. హాస్టల్, కోచ్ ఒకే ఊళ్లో ఉండటం ఎంత మేలో దూరంగా పడినవాళ్లకే తెలుస్తుంది. శ్రేష్ఠలో వేరే రాష్ట్రంలోని పేరున్న స్కూలు వస్తే చేరేముందు ఈ దూరం చూసుకోండి. పాత కోచ్ పోతాడు. మీ ఆట సమాఖ్య నియమాలను బట్టి సొంత రాష్ట్రం తరఫున ఆడే వీలూ చిక్కుల్లో పడొచ్చు.

స్కూల్ గేమ్స్‌లో అండర్-14, 17, 19 విభాగాలుంటాయి. పది తర్వాతి రెండేళ్లు చాలామందికి అండర్-19 కాలం. సీబీఎస్ఈ స్కూళ్లకు సొంత క్లస్టర్, జాతీయ పోటీలున్నాయి. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్‌లో సీబీఎస్ఈ ఒక ప్రత్యేక యూనిట్. స్టేట్ బోర్డు కాలేజీ నుంచి వచ్చే పిల్లలు మండలం, జిల్లా, రాష్ట్రం మెట్లెక్కి వస్తారు. ఏ దారైనా సరే, గత రెండేళ్లలో ఆ స్కూలు ఏ పోటీకి ఎంతమందిని పంపిందో అడగాలి.

చివరికి చేతిలో మిగిలేది సర్టిఫికెట్. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల స్పోర్ట్స్ కోటాకు నిర్ణీత నమూనాలున్నాయి: అంతర్జాతీయ స్థాయికి ఫారం 1, జాతీయ స్థాయికి 2, విశ్వవిద్యాలయాల మధ్య పోటీలకు 3, జాతీయ పాఠశాల క్రీడలకు 4. అంటే ఈ రెండేళ్లలో సంపాదించుకోగలిగింది ప్రధానంగా ఫారం 4. తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడాకారులకు 2 శాతం ఉంది. ఆంధ్రప్రదేశ్ 2024 క్రీడా విధానంలో 2 నుంచి 3 శాతానికి పెంచింది. ఎవరో ఆహ్వానిస్తే వెళ్లి ఆడిన టోర్నమెంటు మెడల్ గోడకు బాగుంటుంది గానీ కోటాలో లెక్కకు రాదు. వాటిని చూపించి తమది క్రీడల స్కూలని చెప్పుకునేవాళ్లు తక్కువేం లేరు.

జట్టులో ఎక్కడ నిలబెడతారు

ఎడమచేతి స్పిన్నర్ పల్వంకర్ బాలూ 1911 ఇంగ్లండ్ పర్యటనలో వందకు పైగా వికెట్లు తీశాడు. అయినా హిందూ జట్టుకు కెప్టెన్ కాలేకపోయాడు. చమార్ కులంలో పుట్టిన ఆ కుటుంబానికి ఆ కెప్టెన్సీ దక్కడానికి 1923 దాకా పట్టింది, అదీ తమ్ముడు విఠల్‌కు. ఆడనిస్తారు, నడిపించనివ్వరు. ఇప్పటి ప్రైవేటు హాస్టల్లో ఇది ఇంత బాహాటంగా ఉండకపోవచ్చు. కానీ శ్రేష్ఠ సీటులో చేరిన విద్యార్థి కులం మొదటి రోజే ఆఫీసుకు తెలుసు, వారంలో డార్మిటరీకి తెలుస్తుంది. పథకం పిల్లలందర్నీ ఒకే గదిలో పెడుతున్నారా? బూట్లు, స్పైక్స్, టూర్ డబ్బులు సొంతంగా తెచ్చుకోవాలంటున్నారా? ఆ డబ్బు కట్టలేనివాళ్లు జట్టు నుంచి ఎలాగూ జారిపోతారు, ఎవరూ తీసేయక్కర్లేదు. ఇప్పటికే అక్కడ చదువుతున్న మన పిల్లల్ని ఇద్దర్ని పట్టుకుని, స్టాఫ్ లేని చోట మాట్లాడండి. ప్రిన్సిపాల్ చెప్పని సంగతులన్నీ అక్కడ తెలుస్తాయి.

ఒంటరి ప్రాక్టీసు, బయటి ఊళ్లలో టోర్నమెంట్లు, కోచ్ చేతిలో సెలక్షన్. పిల్లల భద్రతకు ఇదంతా జాగ్రత్త పడాల్సిన చోటు. అమ్మాయిల జట్టుతో మహిళా సిబ్బంది వెళ్తారా, ఫిర్యాదు చేయాల్సింది ఎవరికి అన్నది ముందే తెలియాలి. పోక్సో చట్టం, ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం హాస్టల్ గేటు లోపల కూడా వర్తిస్తాయి. పిల్లలకు 1098 నంబరు నోటికి రావాలి.

గురుకులమా, ప్రైవేటా

ప్రైవేటు అనగానే మెరుగు అనుకునే అలవాటు మనలోనూ ఉంది. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలే. అన్ని గురుకులాలూ అలా లేవు, కొన్నిచోట్ల గ్రౌండే లేదు. అయినా మీ ఆటకు అకాడమీ, కోచ్ ఉన్న గురుకులంలో సీటొస్తే, కోచ్ లేని ప్రైవేటు స్కూలు కంటే దాన్నే తీసుకోమంటాం. ఇంగ్లిష్, చదువు బలపడటమే ప్రధానమై, ఆట ఆరోగ్యానికి, సంతోషానికి అనుకుంటే శ్రేష్ఠ మంచి అవకాశం. ఆ సంగతి తేల్చుకోవాల్సింది ముందు పిల్లలే. అమ్మానాన్నలు తర్వాత.

కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టడానికి దొరికే సమయం కొద్ది రోజులే. అప్పుడు స్కూళ్లు తిరగడం కుదరదు. పది పరీక్షల ముందే, సంక్రాంతి సెలవులు అయ్యాక ఒక పనిదినం చూసుకుని రెండు మూడు చోట్లకు వెళ్లండి. మధ్యాహ్నం దాటాక వెళ్లండి, పిల్లను వెంట తీసుకెళ్లండి. కుల ధ్రువీకరణ, ఆదాయ పత్రం, ఆధార్, ఇప్పటిదాకా ఆడిన పోటీల సర్టిఫికెట్ల జిరాక్సులు రెండు సెట్లు ఒక ఫైల్లో పెట్టుకోండి. ఆదాయ పత్రం తీసుకోవడానికి మీసేవలో, సచివాలయంలో ఎంత ఆలస్యం అవుతుందో మీకు తెలిసిందే, జనవరిలోనే దరఖాస్తు పెట్టండి.