పంటు తప్పినవాళ్ళ ఊరు

కాకినాడలో మా ఆఫీసుకి బదిలీ మీద వచ్చిన ఇద్దరిని మొన్న మాఘమాసంలో ఒక ఆదివారం మా ఊరు తీసుకెళ్ళాను. ఒకాయనది అనంతపురం, ఇంకొకాయనది నిజామాబాదు. "గోదావరి మర్యాద, గోదావరి మర్యాద అంటారు కదా, అదేదో చూపించండి సార్" అని నెల రోజులుగా ఒకటే పోరు. మర్యాద చూపించాలంటే ముందు నీళ్ళు చూపించాలని నా లెక్క.

యానాం దాటగానే ఎదుర్లంక వంతెన మీద కారు ఆపించాను. ఈ వంతెన వచ్చింది 2002లో. లోక్‌సభ స్పీకరుగా చేసిన మా ప్రాంతం మనిషి బాలయోగి పేరు పెట్టారు. అంతకు ముందు ఇక్కడ ఏరు దాటించే పంటే గతి. ఇవతల బస్సు దిగాలి, పంటెక్కాలి, అవతల ఇంకో బస్సు పట్టుకోవాలి. గాలి లేస్తే పంటు కదలదు, చీకటి పడితే అసలే కదలదు. కోనసీమకి ఒక పక్క గౌతమి, ఒక పక్క వశిష్ఠ, దిగువన సముద్రం, నడిమధ్యన వైనతేయ. ఎటు పోవాలన్నా ఏదో ఒక రేవులో నిలబడాలి. నిలబడ్డవాడికి పొద్దుగూకితే హోటలా, లాడ్జా? దగ్గరున్న ఇంటి అరుగే దిక్కు. మర్యాద మా నెత్తుట్లోనే ఉందని మావాళ్ళు కోసే కోతలు నేను నమ్మను. అది పంటు తప్పడంలో పుట్టింది.

అయితే అరుగుంటే చాలదు, లోపల గాదెలో గింజలుండాలి. ఆ గింజల సంగతి ధవళేశ్వరంలో మొదలవుతుంది. కాటన్ దొర ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. అంతకు ముందు ఇదే గోదావరి పక్కన జనం కరువుతో మాడిపోయారు. నది నిండా నీళ్ళు, చేల నిండా నెర్రెలు. ఈ మాట చెబితే అనంతపురం ఆయన నవ్వలేదు. "మాకు నది కూడా లేదు సార్" అన్నాడు.

అంబాజీపేటలో పొట్టిక్కలు తిన్నాం. పనసాకులతో కుట్టిన బుట్టలో ఇడ్లీపిండి పోసి ఆవిరికి ఉడికిస్తారు. ఆ ఆకు వాసన కోసమే తినాలి. పూతరేకుల గురించి అందరూ రాసేశారు కాబట్టి వదిలేస్తున్నాను.

పి.గన్నవరం దగ్గర అక్విడెక్టు చూపించాను. నగరం లంకకి నీళ్ళు కావాలి, మధ్యలో వైనతేయ అడ్డం. కాలవని నది మీదుగా దాటించారు. 49 కమానులు, 1850ల నాటి కట్టడం. కింద ఏరు, పైన కాలువ. నిజామాబాదు ఆయన ఇటు చూసి, అటు చూసి, మళ్ళీ ఇటు చూశాడు. పక్కనే కట్టిన కొత్తదానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఇంజనీరు పేరో మంత్రి పేరో కాకుండా, అన్నం పెట్టిన మనిషి పేరు.

సీతమ్మ గారు 1841లో మండపేటలో పుట్టారు. డొక్కా జోగన్న గారి ఇల్లాలిగా లంకల గన్నవరం వచ్చారు. ఆవిడ కాపురానికీ కాలవకీ ముడి ఉందని నాకనిపిస్తుంది. ఈ లంకలకి నీళ్ళు పారడం మొదలైన రోజుల్లోనే ఆవిడ పొయ్యి ఆరకుండా వెలిగింది. ఓసారి అంతర్వేది తీర్థానికి బయల్దేరారట. రేవులో ఒక పెళ్ళిబృందం, ఆకలికి ఏడుస్తున్న పిల్లలతో "ఇంకొంచెం ఓపిక పట్టండి, సీతమ్మ గారి ఇల్లొచ్చేస్తుంది" అనడం చెవిన పడింది. నరసింహస్వామిని తర్వాత చూడొచ్చని వెనక్కి తిరిగొచ్చేశారట. మా నాయనమ్మ దీన్ని ఎన్నిసార్లు చెప్పినా రేవు దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గించేది. ఏడో ఎడ్వర్డు పట్టాభిషేకానికి పిలుపొచ్చినా ఆవిడ కదల్లేదనీ చెప్పుకుంటారు. 1909లో పోయారు.

మధ్యాహ్నం మా ఇంట్లో భోజనం. ఆవ పెట్టిన పనసపొట్టు కూర, ముద్దపప్పు, దప్పళం, బొబ్బట్లు, ఇంకా ఏవేవో. మా అన్నయ్య పక్కన నిలబడి "ఆయ్, మొహమాటపడకండి, ఇంకో ముద్ద వేసుకోండి" అంటాడు. చెయ్యి అడ్డం పెడితే చేతి మీదే పడుతుంది. వాళ్ళు అన్నయ్యకి దండం పెట్టారు. తెల్లారుజామున నాలుగింటికి లేచి పనసకాయ కొట్టుకున్నది మా వదిన. మర్యాద మగవాళ్ళ నోట్లో ఉంటుంది, దాని చాకిరీ వంటింట్లో ఉంటుంది.

చేతులు కడుక్కుంటూ అనంతపురం ఆయన మెల్లగా అడిగాడు, "మరి 2022లో ఆ గొడవేంటి సార్?" అడగాల్సిన ప్రశ్నే. ఆ ఏడాది ఏప్రిల్లో కోనసీమ కొత్త జిల్లా అయింది. దానికి అంబేడ్కర్ పేరు పెడతామంటే మే 24న అమలాపురంలో మంత్రి ఇంటికే నిప్పు పెట్టారు. అతిథికి కొసరి వడ్డించే ఊళ్ళే ఇవి. 1996 నవంబరు 6 తుపాను రాత్రి మా డాబాలో యాభైమంది తలదాచుకున్నారు. పడ్డ కొబ్బరిచెట్ల మధ్య ఉన్న బియ్యమంతా ఒకే గుండిగలో వండారు. ఎవరెక్కడ కూర్చోవాలన్న లెక్క ఆ రాత్రి లేదు. నీళ్ళు తీసిన వారానికి ఆ లెక్క మళ్ళీ వచ్చింది. ఆయన ఇంకేం అడగలేదు.

తిరుగు ప్రయాణంలో పంటు ఎక్కి తీరాలన్నారు. ముక్తేశ్వరం నుంచి కోటిపల్లికి ఇప్పటికీ పంటే. డిక్కీలో అరటిగెల, ఇరవై కొబ్బరికాయలు, ఒక పనసకాయ. అన్నయ్య సాగనంపడానికే ముప్పావుగంట పట్టింది. మేం రేవుకి చేరేసరికి చీకటి పడింది, ఆఖరి పంటు గౌతమి మధ్యలో ఉంది. వదినకి ఫోన్ చేసి సంగతి చెప్పాను.

"తప్పిపోయిందా? మంచిదే, వెనక్కి వచ్చేయండి. ఎసరు పెట్టేస్తున్నా."

ఫోను స్పీకరులో ఉంది. నిజామాబాదు ఆయన పొట్ట పట్టుకుని "వద్దు వదినా, వద్దు" అని అరిచాడు. అనంతపురం ఆయన అప్పటికే కారెక్కి తలుపు వేసేసుకున్నాడు.