రక్తపు పోటు – చేతిపట్టీ

దిల్‌సుఖ్‌నగరులో మెట్రో మెట్లు దిగి నాలుగడుగులు వేసినచో ఒక మందుల దుకాణము, మరి నాలుగడుగులు వేసినచో మరియొకటి. ప్రతి బల్లమీదను చిన్న యంత్రము, దానికొక గొట్టము, ఆ గొట్టమునకొక పట్టీ. పహిల్వాను చేయికిని, బాలెంత చేయికిని, ముదుసలి బక్కచేయికిని ఆ యొక్క పట్టీయే గతి. నిరుడు నా గృహిణి రొప్పుచునే అచ్చట కూర్చుండి, రవికచేయి మీదనే పట్టీ చుట్టించుకొనగా 168 అను అంకె వచ్చినది. దానిని నమ్మి యొక వైద్యుడు రెండవ మాత్రను జోడించెను. పదియవనాడు స్నానాలగదిలో కన్నులు తిరిగి పడినది. ఎముక విరుగకుండుట మా పూర్వపుణ్యము. అప్పటినుండి యీ పట్టీ పూర్వోత్తరములను వెదకుట నాకొక పనియైనది.

రక్తపు పోటును మొదట కొలిచినవాడు వైద్యుడు గాడు, ఇంగ్లండు దేశపు మతాచార్యుడు స్టీఫెన్ హేల్స్. ఒక ఆడుగుఱ్ఱమును కట్టి పడవేసి, తొడలోని ధమనికి ఇత్తడి గొట్టమును, దానికి గాజు గొట్టమును అతికించగా నెత్తురు 8 అడుగుల 3 అంగుళముల యెత్తునకు లేచినదని 1733లో ప్రకటించిన గ్రంథమున ఆయన వ్రాసెను. అంత పొడవైన గొట్టముతో రోగులను చూచుట సాధ్యమా? పాదరసము నీటికన్న 13.6 రెట్లు బరువు. 1828లో ఫ్రెంచివాడు ప్వాజెయ్ దాని నుపయోగించుటతో ఎనిమిదడుగుల స్తంభము జానెడులో నిమిడినది. 2013 నాటి మినమాటా ఒడంబడిక పిమ్మట పాదరసపు పరికరములు తొలగిపోవుచున్నను, మన చీట్లపై కొలత నేటికిని పాదరసపు మిల్లీమీటర్లలోనే యున్నది.

ఈ కథలో మన హైదరాబాదునకును పాలు కలదు. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను కాలమున, ఎడ్వర్డు లారీ యను వైద్యుని పూనికతో 1888లోను, 1889లోను క్లోరోఫారం సంఘములు రెండు కూర్చుండినవి. రెండవదానికి లండనునుండి లాడర్ బ్రంటన్ వచ్చెను. నిజాము వేయి పౌనులొసగెను. జంతువుల ధమనులలో గొట్టములు దూర్చి, రక్తపు పోటును తిరుగు కాగితముమీద గీతలుగా వ్రాయించిరి. క్లోరోఫారము వలన ముందు శ్వాస నిలుచును, గుండె పిమ్మటనే నిలుచునని తీర్పు చెప్పిరి. 1911లో గుడ్‌మన్ లెవీ ఆ తీర్పు పొరపాటని, తేలికమత్తులో గుండెయే ముందు గతి తప్పవచ్చునని చూపెను. గీతలు గీయుటలో వారి శ్రమకు లోపము లేదు. తీర్పులో తొందరపడిరని నా యభిప్రాయము.

ధమనిని కోయకయే కొలుచు విద్యను 1896లో ఇటలీవాడు రీవా-రోచి చూపెను. సైకిలు రబ్బరు గొట్టమును దండచేతికి చుట్టి గాలి నింపి, మణికట్టు నాడి యెచ్చట మాయమగునో చూచెను. ఆ పట్టీ వెడల్పు సుమారు 5 సెంటీమీటర్లు మాత్రమే. 1901లో జర్మను వైద్యుడు రెక్లింగ్‌హౌజెన్ ఇరుకుపట్టీ పోటును ఎక్కువగా చూపునని కనుగొని 12, 13 సెంటీమీటర్ల వెడల్పు కోరెను. 1905లో రుష్యా వైద్యుడు కొరోత్కోవ్ పట్టీక్రింద చెవిగొట్టము నుంచి పై అంకెను, క్రింది అంకెను చప్పుళ్లతో తెలియు మార్గము చెప్పెను.

ఇరుకుపట్టీ యేల అబద్ధమాడును? నీరు పాఱు రబ్బరు గొట్టముమీద దూదిపరుపు వేసి, పైన కఱ్ఱతో నొక్కి చూడుడు. కఱ్ఱ దూదిలో దిగబడునే గాని గొట్టము మూయబడదు; ఇంకను బలముగా నొక్కవలయును. వెడల్పు పలకతో నొక్కినచో సులువుగా మూసికొనును. ధమని యా గొట్టము, కండయు క్రొవ్వును ఆ పరుపు. యంత్రము మన నొక్కుడునే రక్తపు పోటని లెక్కగట్టును. లావైన చేయి భుజమువద్ద బలిసి మోచేతివైపు సన్నగిల్లుటచే పట్టీ క్రిందియంచు వదులై, గాలితిత్తి ఉబ్బి, నొక్కు మేర మరింత తగ్గును. కావుననే గాలితిత్తి వెడల్పు దండచేతి చుట్టుకొలతలో నూటికి 40 పాళ్లు, పొడవు 80 పాళ్లు ఉండవలెనని నియమము. చేయి గుండెయెత్తున నుండవలెననుట హేల్స్ గొట్టము చెప్పిన న్యాయమే: 10 సెంటీమీటర్లు క్రిందికి వ్రేలాడినచో సుమారు 8 మిల్లీమీటర్లు హెచ్చును.

2023లో బాల్టిమోరు నగరమున 195 మందిపై జరిపిన పరీక్ష ప్రకటింపబడినది. మధ్యరకపు పట్టీనే అందఱికి చుట్టగా, పెద్దపట్టీ వలసినవారికి సగటున 4.8, మిక్కిలి పెద్దది వలసినవారికి 19.5 మిల్లీమీటర్లు ఎక్కువ చూపినది. చిన్నపట్టీ వలసినవారికి 3.6 తక్కువ. పల్లెలలో పొలముపని చేసి ఎండిన చేతుల పెద్దలు ఈ కడపటి మాటను వినవలయును: వారి పోటు దాగిపోవచ్చును.

పడిన పిమ్మట ఎల్.బి. నగరులో మరియొక వైద్యురాలిని చూచితిమి. ఆమె ఐదు నిమిషములు ఊరక కూర్చుండబెట్టి, దర్జీటేపుతో చేయి కొలిచినది, 38 సెంటీమీటర్లు. మధ్యపట్టీతో 156, పెద్దపట్టీతో 148 వచ్చినది. “మాస్టారూ, అమ్మగారికి పోటు లేదని కాదు, చీటీలో ఉన్నంత లేదు” అని, రెండవ మాత్రను తానే మాన్పి, మొదటిదానిని మానరాదని గట్టిగా చెప్పినది. పిదప నా చేయియు కొలిచినది, 23. చిన్నపట్టీతో నా అంకె ఆఱు పెరిగినది. “ఏమండీ, ఇప్పుడు మీ వంతు” అని మా యావిడ నవ్వినది.

దిల్‌సుఖ్‌నగరు దుకాణదారునకు నేనీ సంగతి చెప్పగా పెద్దపట్టీ యొకటి తెప్పించెను. అది సొరుగులో నుండును, అడిగినవారికి తీయుచున్నాడు.