గడప తొక్కిన నర్సమ్మ: ఇంటింటి వైద్యసేవకు ఒకటిన్నర శతాబ్దం

రోగి ఆసుపత్రిలో గడిపేది కొద్ది రోజులే. మిగిలిన కాలమంతా అతడు ఉండేది తన ఇంట్లోనే. వేళకు మందు వేసుకోవడం, పుండు కడిగి కట్టు కట్టడం, బాలింతకు తగిన ఆహారం పెట్టడం, తాగే నీటిని కాచడం, ఇవన్నీ జరిగేది అక్కడే. కాబట్టి ఆసుపత్రి గోడల వెలుపల రోగిని కనిపెట్టి ఉండేది ఎవరు అన్నది, ఏ మందు వాడాలి అన్నంత ముఖ్యమైన ప్రశ్న. మన పల్లెల్లో అందరూ 'నర్సమ్మ' అని పిలుచుకొనే ఆరోగ్య కార్యకర్తే దానికి జవాబు. ఆమె వృత్తి ఎలా పుట్టిందో, ఏ ఒడుదొడుకులకు లోనైందో పాఠకులు తెలుసుకోవడం అవసరం.

1859లో ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరంలో విలియం రాత్‌బోన్ అనే వర్తకుని భార్య వ్యాధితో మరణించింది. చివరి రోజుల్లో ఆమెకు మేరీ రాబిన్సన్ అనే నర్సు ఇంటివద్దనే సేవ చేసింది. సంపన్నుల ఇంట్లోనే ఆ సేవ ఇంత ఊరటనిస్తే, ఏమీ లేని పేదల ఇళ్ళలో ఎంత మేలు చేస్తుందోనని రాత్‌బోన్ ఆలోచించాడు. ఆమెనే మూడు నెలలపాటు పేదవాడలకు పంపాడు. అక్కడి దుర్భర పరిస్థితులను చూడలేక ఆమె కొంతకాలానికే మానుకుంటానన్నది. ఆయన నచ్చజెప్పగా కొనసాగింది. రోగులు కోలుకోవడమే కాదు, ఇళ్ళ తీరు కూడా మారింది. ఇటువంటి నర్సులు మరికొందరు కావాలని వెదికితే శిక్షణ పొందినవారు దొరకలేదు. అప్పుడాయన ఫ్లోరెన్స్ నైటింగేల్ సలహా తీసుకొని లివర్‌పూల్‌లోనే నర్సుల శిక్షణకు పాఠశాల ఏర్పరచాడు. ఆ తరువాత నగరాన్ని పేటలుగా విభజించి, వాటికి నర్సులను నియమించారు.

అమెరికాలో ఈ సేవ మరో మెట్టు ఎక్కింది. 1893లో లిలియన్ వాల్డ్ అనే నర్సు న్యూయార్క్ నగరంలోని వలస కూలీల ఇరుకు వాడలో తానే కాపురముండి సేవ ఆరంభించింది. ఆ రోజుల్లో కంటిజబ్బులు, చర్మవ్యాధులు ఉన్న పిల్లలను బడినుండి ఇంటికి పంపివేసేవారు. ఇంటికి వెళ్ళిన పిల్లలకు చికిత్స చేసేవారు లేక చదువు ఆగిపోయేది. 1902లో వాల్డ్ చొరవతో లీనా రోజర్స్ అనే నర్సును నాలుగు బడులకు నియమించారు. ఆమె చిన్నచిన్న జబ్బులకు బడిలోనే చికిత్స చేసి, ఇళ్ళకు వెళ్ళి తల్లులకు శుభ్రత నేర్పింది. బడినుండి పంపివేసే పిల్లల సంఖ్య ఏడాదిలోనే సుమారు పదోవంతుకు పడిపోయింది. వ్యాధిని కనిపెట్టడం డాక్టరుకూ సాధ్యమే. కాని ఆ ఇంటికి వెళ్ళి చేసి చూపినప్పుడే ఫలితం కనిపించింది.

ఇక మన దేశానికి వద్దాం. సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షత వహించిన సంఘం 1946లో నివేదిక సమర్పించింది. అప్పటి లెక్క ప్రకారం 43,000 మందికి ఒక నర్సు, 60,000 మందికి ఒక మంత్రసాని ఉండగా, ఇళ్ళకు వెళ్ళే హెల్త్ విజిటరు నాలుగు లక్షల మందికి ఒక్కరు మాత్రమే! ఈ కొరతను తీర్చడానికే స్వాతంత్ర్యానంతరం ఏ.ఎన్.ఎం. శిక్షణ వచ్చింది. 1952నుండి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు వెలిశాయి.

అదే కాలంలో మద్రాసులో జరిగిన ఒక పరిశోధన ప్రపంచ వైద్యాన్నే మలుపు తిప్పింది. క్షయరోగికి మంచిగాలి, పౌష్టికాహారం, సంపూర్ణ విశ్రాంతి తప్పనిసరి అని నమ్మి, మదనపల్లె ఆరోగ్యవరం వంటి శానిటోరియాలకు పంపే రోజులవి. కాని పడకలు కొద్ది, రోగులు లక్షలు. 1956లో మద్రాసులో నెలకొన్న క్షయ చికిత్సా కేంద్రం కొందరు రోగులను శానిటోరియంలోను, కొందరిని వారి పేద ఇళ్ళలోను ఉంచి, ఒకే మందులు ఇచ్చి ఏడాదిపాటు పరిశీలించింది. ఇంటి చికిత్స ఫలితాలు శానిటోరియం ఫలితాలకు దాదాపు సాటిగా నిలిచాయి. ఇంట్లోవారికి వ్యాధి సోకే ప్రమాదమూ పెరగలేదు. ముందుగా చెప్పకుండా ఇళ్ళకు వెళ్ళి మిగిలిన మాత్రలు లెక్కపెట్టి, ధైర్యం చెప్పి, మందు మానకుండా చూసిన సిబ్బంది లేకపోతే ఈ విజయం ఊహకందదు.

1973లో కర్తార్ సింగ్ కమిటీ మరో మార్పు సూచించింది. అంతవరకు మలేరియాకు ఒకరు, మశూచి టీకాకు ఒకరు, కుటుంబ నియంత్రణకు మరొకరు వచ్చేవారు. ఆ పనులన్నింటినీ బహుళార్థ ఆరోగ్య కార్యకర్తకు అప్పగించాలని ఆ కమిటీ సిఫారసు. మైదానాల్లో 5,000 మందికి, కొండ ప్రాంతాల్లోను గిరిజన ప్రాంతాల్లోను 3,000 మందికి ఒక ఉప కేంద్రం అన్న ప్రమాణం తరువాత స్థిరపడింది.

ఈ చరిత్రలో ఒక చీకటి ఘట్టమూ ఉంది. అత్యవసర పరిస్థితి కాలంలో ఆరోగ్య సిబ్బందికి ఇన్ని కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు చేయించి తీరాలని లక్ష్యాలు విధించారు. ఆదరంగా పీట వేసిన ఇళ్ళే వారిని చూసి తలుపులు మూసుకున్నాయి. సంఖ్యల వెంట పరుగు తీస్తే నమ్మకం పోతుందని, నమ్మకం పోయాక టీకా కూడా అనుమానాస్పదమవుతుందని అప్పుడు తెలిసివచ్చింది. అయినా ఆ లక్ష్యాల పద్ధతిని దేశమంతటా అధికారికంగా తొలగించడానికి 1996 వరకు పట్టింది.

నమ్మకం తిరిగి కూడిన చోట ఫలితమూ వచ్చింది. 1971లో దేశంలో పుట్టిన ప్రతి వెయ్యిమంది శిశువులలో 129 మంది ఏడాది నిండకుండానే మరణించేవారు. 2020 నాటికి ఆ సంఖ్య 28కి తగ్గింది. పారిశుధ్యం, విద్య, ఆహారం, మందులు అన్నీ ఇందుకు తోడ్పడినమాట నిజమే. కాని టీకా పెట్టెను భుజాన వేసుకొని ఊరూరా నడిచిన పాదాలను మరువరాదు. 2014లో మన ప్రాంతం పోలియో రహితమని ధ్రువీకరణ పొందడంలోను ఆ నడకకు పెద్ద పాలు ఉంది.

నేడు మన ఇళ్ళలోని శత్రువులు రక్తపోటు, మధుమేహం. ఇవి ఇంజక్షనుతో తీరేవి కావు, జీవితాంతం ఇంట్లోనే అదుపులో ఉంచుకోవలసినవి. అంటే రాత్‌బోన్ కాలంనాటి అవసరమే వేరొక రూపంలో మన ముందుకు వచ్చింది. కాని నర్సమ్మ సమయంలో చాలా భాగాన్ని రిజిస్టర్లు, ఆన్‌లైన్ నమోదులు మింగివేస్తే, గడప దగ్గర కూర్చొని మాట్లాడే తీరిక ఆమెకు ఎక్కడిది? ఆ తీరికను కాపాడడం ప్రభుత్వం బాధ్యత. ఆమె రాకను సద్వినియోగం చేసుకోవడం మన బాధ్యత.

అందుచేత పాఠకులకు నా మనవి. నర్సమ్మ వచ్చినప్పుడు 'అంతా బాగానే ఉంది' అని గుమ్మంలోనే పంపివేయకండి. వాడుతున్న మందులన్నీ ఆమె ముందు పెట్టండి. మానివేసినవి ఉంటే దాచకుండా చెప్పండి. గర్భం ధరించిన మొదటి మూడు నెలల్లోనే పేరు నమోదు చేయించండి. ఇంట్లో ముప్పై ఏళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ రక్తపోటు, చక్కెర పరీక్షలు చేయమని అడగండి. ఆమె అడిగే ప్రశ్నలు మన గుట్టు తెలుసుకోవడానికి కావు. డాక్టరు కంటికి కనిపించని మన ఇంటిని చూసి, వ్యాధి ముదరకముందే హెచ్చరించడానికి.